జస్టీనా కట్లు విప్పించిన ఆదివారం

జస్టీనా ప్లెట్ చేతులు పొద్దున్న లేచేసరికే అలిసిపోయి ఉంటాయి. మంచం మీంచి కాళ్లు కింద పెట్టకముందే రెండు చేతులూ తడి దులుపుకున్నట్టు గాలిలో విదిలించుకుంటుంది. తిమ్మిరి కొంత దిగాక జుట్టు ముడేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన ముగించి, వంటింట్లోకి వస్తుంది. అప్పటికే తమ్ముడు కార్నీ కాఫీ కాచి ఉంటాడు. ఆమె వేళ్లు పట్టుకోవడానికి వీలుగా పెద్ద పిడి ఉన్న కప్పులోనే పోస్తాడు. జామ్ సీసా మూత ముందే వదులు చేసి పెడతాడు. ఇవేవీ చేస్తున్నట్టు ఒక్క మాటైనా అనడు. ఆమె కూడా చూసినట్టు కనపడదు. అక్కా తమ్ముళ్లిద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. నాన్న కట్టిన ఆ చెక్కింట్లోనే ఇద్దరి తలలూ నెరిశాయి.

"ఆ మణికట్టు ఆపరేషనేదో చేయించుకోరాదూ అక్కా."

"చేయించుకుంటే చాన్నాళ్లు పని మానాలి. లోవెన్ ముసలాయన కాలు ఎవరు చూస్తారు, నువ్వా?"

"నేను చూశానంటే ఆయన మర్నాటినుంచి పరుగులే. నాకు దొరక్కుండా."

జస్టీనా నవ్వుతుంది. ఆ నవ్వుకు కూడా కాస్త ఓపిక కూడదీసుకోవాల్సి వస్తోందని ఈమధ్యే గమనించింది.

ఊళ్లో చిన్న ఆరోగ్యకేంద్రం ఉంది. దాని వెనకవైపు గదిలో ఆమె పని. కాళ్లకో చేతులకో నీరు పట్టినవాళ్లు అక్కడికి వస్తారు. రొమ్ములో గడ్డ తీయించుకున్నాక చెయ్యి ఉబ్బిపోయిన ఆడవాళ్లు ఎక్కువ. కొందరికి పుట్టుకతోనే ఒక కాలు లావు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఆమె ఒకటే పాఠం చెబుతుంది. గుండె కొట్టిన ప్రతి దెబ్బకూ రక్తం సన్నటి నాళాలదాకా పోతుంది, అక్కడ కొంత నీరు బయటికి చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మలో చాలామటుకు మళ్లీ రక్తంలోకే ఇంకిపోతుంది. మిగిలినదాన్ని ఏరుకొచ్చే నాళాలు వేరే ఉన్నాయి, వాటిలో పారేదాన్ని లింఫు అంటారు. చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టాయంటామే, ఆ బిళ్లలు ఆ నాళాల దారిలోవే. అక్కడ మురికీ క్రిములూ వడకట్టుకుని, నీరు మెడ కింద పెద్ద రక్తనాళంలో కలిసి, తిరిగి గుండెకే చేరుతుంది.

"మరి ఈ నీటిని తోసే గుండె ఏదీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"దానికంటూ గుండె లేదు. నువ్వు ఊపిరి పీలిస్తే కదులుతుంది, నడిస్తే కదులుతుంది. నాళం గోడ తనంతట తానే కొంచెం కొంచెం ముడుచుకుంటుంది. వెనక్కి జారకుండా లోపల చిన్నచిన్న తలుపులుంటాయి. పాపం, ఎవరూ తరమకపోయినా తన పని తాను చేసుకుపోతుంది."

ఆ మాట అన్నప్పుడల్లా దేవుడి మీద ఆమెకు ఒక రకమైన జాలితో కూడిన ప్రేమ కలుగుతుంది. ఇంత చిన్న తలుపుల్ని కూడా ఆయనే కూర్చుని బిగించి ఉంటాడు కదా అనిపిస్తుంది.

ఆమె తాకిడి చాలా తేలిక. మొదటిసారి వచ్చిన రైతులు, "ఇంతేనా? గట్టిగా పిసుకు, నేనేం చక్కెరబొమ్మనా?" అంటారు. గట్టిగా పిసికితే ఆ సన్నటి నాళాలు నొక్కుకుపోతాయి. చర్మాన్ని కొంచెం లాగి వదలాలి, అంతే. అదీ వాచిన చోట మొదలుపెట్టకూడదు. మెడ దగ్గర దారి తెరిచి, తర్వాత చంకో గజ్జో తెరిచి, చివరికి కాలి దగ్గరికి రావాలి. అటుపైన సాగని గుడ్డపట్టీని పొరలు పొరలుగా, పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టాలి. ఇరవైయేళ్లుగా ఆ పట్టీలు చుట్టీ చుట్టీ ఆమె మణికట్టులో నరం నలిగిపోయింది. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. మెడ దగ్గర వెన్ను పక్కన కూర్చున్న ఒక్క కణం తన పోగును వేలికొసదాకా చాపుతుందట. వేడి, చలి, మెత్తన అన్నీ ఆ పోగు మీదనే కబురుగా పోతాయి. మణికట్టు సందులో ఆ పోగు నొక్కుకుంటే కబురు అక్కడే ఆగిపోతుంది. మరీ ఆలస్యమైతే పోగు మళ్లీ చిగురించకపోవచ్చు కూడా. జస్టీనా ఆ బొమ్మను మడిచి కోటు జేబులో వేసుకుంది, మళ్లీ చూడలేదు.

కిందటి శీతాకాలమంతా ఆమె సారా డ్యూక్ అనే ముసలావిడ కాలు చూసింది. సారాకు కడుపులో క్యాన్సరు, ఒక కాలు దుంగలా వాచింది. వారమంతా ఆరోగ్యకేంద్రానికి తీసుకురాలేక, కూతురు మార్తా కట్టు కట్టడం నేర్చుకుంటానంది. మార్తా నలభై దాటిన మనిషి. కోడిగుడ్లు ఏరి పెట్టెల్లో సర్దే కేంద్రంలో పని, మాట తక్కువ. చేతులు మాత్రం చురుకు. ఈ ఊరి ఆడవాళ్లకు పట్టీలు చుట్టడం కొత్త కూడా కాదు. మా చర్చి సంఘంలో తరతరాలుగా పాత దుప్పట్లు చింపి, కట్లుగా చుట్టి, దూరదేశాల కుష్ఠురోగుల ఆసుపత్రులకు పంపినవాళ్లే. మార్తా రెండోసారికే ఒకదాన్నొకటి దాటే గీతలు చక్కగా పడేలా చుట్టేసింది. సారా పైకి చూసి, "నా కూతురు నన్ను పైకి పంపేటప్పుడు కూడా పొందిగ్గా మడిచి పంపుతుంది" అంది. మంచు కరిగే రోజుల్లో ఆమె పోయింది.

ఆ తర్వాత మార్తా గుడిలో కనిపించినా పలకరిస్తే తలూపడం తప్ప నోరు విప్పలేదు. జస్టీనా వాళ్లింటికి ఒకసారి వెళ్దామనుకుంది. పనిలో పడి, సాయంత్రానికి చేతులు లాగి, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే వేసవి గడిపేసింది.

బీటుదుంపల లారీలు రోడ్లన్నీ బురద చేసే రోజుల్లో ప్రభురాత్రి భోజనపు ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆరాధన చివర ఒకరి పాదాలు ఒకరు కడగడం మా సంఘంలో ఆనవాయితీ. మగవాళ్లు పైన, ఆడవాళ్లు కింది హాల్లో. ఎవరు ఎవరికి జత అని ముందే అనుకోరు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లే. జస్టీనా పక్కన హెలెనా రైమర్ కూర్చుంది. డెబ్బై దాటిన విధవరాలు. ఊళ్లో ఏ చావుకైనా రొట్టెలు కాల్చేది ఆమే. నోరు కూడా పొయ్యిలాగే ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది.

ముందుగా జస్టీనా మోకాళ్లూనింది. వెచ్చటి నీళ్ల బేసిన్లో హెలెనా కుడిపాదం పెట్టి, దోసిలితో నీళ్లు పోసి, తువ్వాలుతో ఒత్తింది. జస్టీనా చేతి బొటనవేలికి స్పర్శ ఏమీ తెలియలేదు. వేలు తీసేసరికి మాత్రం పాదం మీద వేలు లోతున గుంట కనిపించింది. ఆ గుంట పూడటం లేదు. రెండో పాదం చూసింది. అదీ అంతే, అంతే సమానంగా వాచి ఉంది. పిక్కల మీద ఎర్రటి గీతలు, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ, పొందిగ్గా. ఆ గీతలు ఎవరి చేతివో చదవక్కర్లేకుండానే తెలిసింది.

"ఇవెవరు కట్టారు?" అంది లోగొంతుకతో.

"ఇంకెవరు, నీ శిష్యురాలే. సారాక్క కట్లన్నీ ఉతికి దాచిందిగా, పారెయ్యడమెందుకని. నువ్వు చూస్తే తిడతావని ఇప్పుడే కోట్లు తగిలించే గదిలో విప్పొచ్చా. చూడు, సంచీలో ఉన్నాయి. నీళ్లలో తడిపితే మార్తా నన్ను చంపుతుంది."

జస్టీనా తలెత్తింది. హెలెనా నిటారుగా కూర్చుని ఉంది. అయినా మెడ పక్కన రక్తనాళం ఉబ్బి, చెవి కిందదాకా కొట్టుకుంటోంది. కూర్చున్నప్పుడు కూడా ఆ నాళం ఉబ్బి ఉందంటే గుండె నీరసించినట్టేనని జస్టీనాకు తెలుసు.

"సరే, నా వంతు. లే," అంది హెలెనా.

"పిన్నీ, మీరు వంగొద్దు."

"ఏం, నా చేత కడిగించుకోవడానికి నీకు నామోషీనా?"

ఆ మాటకు మా వాళ్లలో జవాబుండదు. కడిగించుకోనని అనడం వినయం కాదు, గర్వమని చిన్నప్పటినుంచీ విన్నాం. చుట్టూ ఆడవాళ్లు మెల్లగా పాట ఎత్తుకున్నారు. జస్టీనా కూర్చుని బేసిన్లో పాదాలు పెట్టింది. హెలెనా కుర్చీ పట్టుకుని మోకాళ్ల మీదికి దిగింది. బేసిన్ మీదికి వంగిందో లేదో ఊపిరి అందక నోరు తెరిచింది. మళ్లీ లేచింది. మళ్లీ వంగబోయింది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

జస్టీనా పాట మధ్యలోనే కిందికి జారి ఆమె పక్కన కూర్చుని రెండు భుజాలూ పట్టుకుంది. ఆ హాల్లో ఇంతకు ముందెవరూ అలా చేయలేదు. పాట కొంచెం తడబడి, మళ్లీ సర్దుకుంది. ఎవరో వెనకనుంచి ఒక కుర్చీ జరిపారు. ఇంకెవరో జస్టీనా తడి పాదాల కింద తువ్వాలు పరిచి వెళ్లిపోయారు.

"రాత్రిళ్లు పడుకోగలుగుతున్నారా?" అని అడిగింది, హెలెనాను కుర్చీలో కూర్చోబెట్టి.

"పడుకుంటే నీళ్లలో మునిగినట్టుంటుంది. మా ఆయన కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నా. ఆయన పోయాక ఖాళీగానే ఉందిలే అది."

"ఎప్పట్నుంచి?"

"మార్తా కట్టడం మొదలెట్టినప్పట్నుంచీ ఎక్కువైంది. కాళ్లు మాత్రం బాగా తగ్గుతున్నాయి, నిజం చెప్పాలిగా."

"కాళ్లలో తగ్గిన నీరు ఎక్కడికి పోయిందనుకున్నారు? కాళ్లు తగ్గి ఊపిరి ఆగిపోతుంటే ఆ అమ్మాయితో ఎందుకనలేదు పిన్నీ?"

హెలెనా కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "పొద్దున్నే, పనికి పోయే ముందు వస్తుంది. తల్లి పోయాక ఒక్క మాట మాట్లాడని పిల్ల, నా కాలు చుడుతూ మాట్లాడుతుందే. వాళ్లమ్మ సంగతులన్నీ. ఒకరోజు నవ్వింది కూడా. వద్దని ఎలా అనను? నీకైతే నోరొస్తుందా?"

జస్టీనా వంగి ఆమె పాదాలకు మేజోళ్లు తొడిగింది. చాలా అలసటగా అనిపించింది. తను వెళ్దామనుకుని వెళ్లని ఇంటి పిల్లను ఈ ముసలావిడ తన రెండు కాళ్లూ చాపి దగ్గరికి తీసుకుంది.

కార్నీ ట్రక్కు తలుపు దగ్గరికి తెచ్చాడు. హెలెనాను ముందు సీట్లో నిటారుగా కూర్చోబెట్టి పట్టణంలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో హెలెనా గొడవ ఆగలేదు.

"ఇంట్లో పిండి పొంగుతోంది. ఇటు తిప్పు కార్నీ, ఒక్క నిమిషం."

"పిండి పొంగితే పొంగనీ పిన్నీ. మీరు పొంగకుండా ఉంటే చాలు," అన్నాడు కార్నీ, బండి ఆపకుండా.

ఆసుపత్రిలో ముక్కుకు గాలి గొట్టం పెట్టారు, నీరు దిగే మందు నాళంలోకి ఎక్కించారు. గుండె బొమ్మ తీసిన డాక్టరమ్మ జస్టీనాను పక్కకు పిలిచి, ఎడమ కింది గది గోడలో ఒక భాగం కదలడం లేదని చెప్పింది. వేసవిలో ఎప్పుడో ఒకనాడు గుండెపోటు వచ్చి ఉంటుందట. హెలెనాను అడిగితే, పుచ్చకాయా వేయించిన రొట్టెలూ తిన్న రోజు గుండెల్లో మంటొచ్చి రాత్రంతా సోడాఉప్పు నీళ్లు తాగానంది. "అందరం తిన్నాం. అందరికీ అరిగింది. నేనే తిండిపోతునని సిగ్గుపడి ఊరుకున్నా."

బతుకుతుందా అని జస్టీనా అడిగింది. ఈ రాత్రి మందుకు నీరు దిగితే బతుకుతుంది, ఇంక రెండు మూడు రోజులు అలాగే కట్టి ఉంటే చెప్పలేకపోయేదాన్ని అని డాక్టరమ్మ అంది. కాళ్లకు మాత్రం గుండె కుదుటపడేదాకా ఏ కట్టూ కట్టొద్దంది.

మార్తాకు ఈ సంగతి రేపు పొద్దున్న ఖాళీ ఇంటి తలుపు తట్టినప్పుడు తెలియకూడదు. జస్టీనా తిరుగుదారిలో డ్యూక్ వాళ్ల ఇంటి దగ్గర దిగింది. మార్తా వంటింట్లో ఒక్కతే రొట్టె, చీజ్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఒంట్లో బాగా లేదని ఆ రోజు గుడికి రాలేదు. పొయ్యి పక్కన తాడు మీద ఉతికిన కట్లు ఆరేసి ఉన్నాయి, ఒక్క ముడత లేకుండా.

"కూర్చో జస్టీనక్కా. కాఫీ పొయ్యనా?"

"పొయ్యి తల్లీ."

సంగతంతా విన్నాక మార్తా కెటిల్ కింద పెట్టేసింది. "నేనేం తప్పు కట్టాను? నువ్వు చెప్పినట్టే కట్టాను. పాదం దగ్గర బిగువు, పైన వదులు. ఒక్క చుట్టు కూడా తప్పు పోలేదు."

"కట్టు తప్పు కాదు. అలాంటి కట్టు నేను కూడా కట్టలేను ఇప్పుడు."

"మరి?"

"మీ అమ్మ కాల్లో దారి మూసుకుపోయింది, గుండె గట్టిది. మనం పైకి తోసిన నీటిని ఆ గుండె తీసుకుంది. హెలెనా పిన్నికి దారి బాగానే ఉంది, గుండే అలిసిపోయింది. గుండెలో కుడివైపు ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ గాలి పోసుకున్న రక్తాన్ని ఎడమవైపు మళ్లీ ఒళ్లంతటికీ తోస్తుంది. ఆ ఎడమవైపు నీరసిస్తే వెనకాల ఊపిరితిత్తుల్లో నీరు నిలుస్తుంది, ఆ బరువుకు కుడివైపూ నీరసించి కాళ్లల్లోకి దిగుతుంది. మీ నేలమాళిగలో నీళ్లు తోడే మోటారుందిగా? మంచు కరిగే రోజుల్లో అది మూలుగుతూ ఆగిపోతుంటే, పక్కింటి నీళ్లు కూడా అందులోకి మళ్లించామనుకో."

మార్తా తాడు మీది కట్ల వంక చూసింది. "నేనే మళ్లించాను."

"నీకు తెలియదు."

"నువ్వు చెప్పలేదు." గొంతు పెరగలేదు గాని పదునెక్కింది. "రెండు కాళ్లూ వాస్తే కట్టొద్దని, గుండె సంగతి ముందు అడగాలని, ఒక్క మాట చెప్పలేదు నాకు."

"చెప్పలేదు. మీ అమ్మకు అవసరం రాలేదు, నువ్వు ఇంకొకళ్లకు కడతావనుకోలేదు. అనుకోవాల్సింది. ఈ ఊళ్లో పనికొచ్చే వస్తువు ఎవరింట్లో ఊరికే ఉంది కనక?"

"అంతేనా?"

"అంతే కాదు. అమ్మ పోయాక నీ దగ్గరికి ఒక్కసారైనా వచ్చుంటే ఆ తాడు మీద ఇవి కనపడేవి నాకు. రాలేదు. అలిసిపోయాననుకున్నాను. అలిసిపోయాను కూడా, అబద్ధం కాదు. అయినా రావాల్సింది."

మార్తా కెటిల్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. కప్పు జరిపి కాఫీ పోసింది. జస్టీనా రెండు చేతులతో కప్పు ఎత్తబోతే కొంచెం ఒలికింది. మార్తా గుడ్డతో తుడుస్తూ, తల ఎత్తకుండా, "మా అమ్మ చివరికి నా చేతుల్లో తేలిగ్గా అయిపోయింది. పిన్ని కాలు బరువుగా ఉండేది. బరువుగా ఉంటే బాగుండేది నాకు," అంది. అంతసేపూ రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. జస్టీనా ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ వీపు వెచ్చగా ఉందో లేదో వేళ్లకు తెలియలేదు, ఊగుతోందని మాత్రం అరచేతికి తెలిసింది.

"పిన్ని నన్ను చూస్తుందంటావా?"

"నన్ను తిట్టినంత గట్టిగా నిన్ను తిట్టదులే."

మర్నాడు గుడ్ల కేంద్రానికి సెలవు చెప్పి మార్తా కారు తీసింది. జస్టీనా పక్క సీట్లో కూర్చుంది. రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు. నీరు దిగిందో లేదో ఎవరికీ ఫోన్ చేసి అడిగే ధైర్యం లేకపోయింది. ఆసుపత్రి మెట్ల దగ్గర మార్తా ఆగిపోయింది. "నువ్వు ముందు వెళ్లి చూసిరా అక్కా. ఆ మంచం ఖాళీగా ఉంటే..." జస్టీనా ఆమె మోచెయ్యి కింద చెయ్యి పోనిచ్చి, "ఇద్దరం వెళ్దాం. నాకూ భయమే," అంది.

మంచం ఖాళీగా లేదు. హెలెనా ఒక్క తలగడ మీద పడుకుని ఉంది. పడుకునే ఉంది, మునిగిపోకుండా. పెదాలకు మళ్లీ వాటి రంగు వచ్చింది.

"వచ్చారా ఇద్దరూ? రాత్రంతా మరుగుదొడ్డికే నడిపించారమ్మా నన్ను. మన ఊరి ఎర్రనది మొత్తం నాలోంచే పోయిందనుకో. నా కాళ్లు చూడు మార్తా, పెళ్లినాటి కాళ్లు. మా ఆయన చూస్తే మళ్లీ అడిగేవాడు నన్ను."

మార్తా మంచం చివర నిలబడి ఆ కాళ్లకేసి చూసింది గాని తాకలేదు. "పిన్నీ, నేను నిన్ను..."

"నువ్వు నాకు మీ అమ్మ కబుర్లు చెప్పావు. పిల్లి వెన్న గిన్నెలో పడ్డ సంగతి సగంలో ఆపేశావు శుక్రవారం. ఆ సగం వినకుండా పోతానేమోనని నిన్నంతా ఒకటే బెంగ."

"ఇంక కాళ్లు కట్టొద్దన్నారు."

"నోరు కట్టొద్దనలేదుగా. ఆ కుర్చీ లాక్కో."

మార్తా కుర్చీ లాక్కుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు ఒళ్లో పెట్టుకుని, తర్వాత దుప్పటి అంచు సర్ది, పిల్లి సంగతి మొదలుపెట్టింది. మొదటి మాటలు దుప్పటికేసి చూస్తూనే చెప్పింది. హెలెనా మధ్యలో అడ్డంపడి, ఆ వెన్న ఎవరిదని అడిగింది. రైమర్ వాళ్లదే అంది మార్తా. "మా వెన్నా? మా వెన్నలోనా పడింది?" అని హెలెనా నవ్వబోయి దగ్గింది, దగ్గి మళ్లీ నవ్వింది.

జస్టీనా వెనక్కి వచ్చి కిటికీ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది. పొద్దున్న చూడాల్సిన లోవెన్ ముసలాయన గుర్తొచ్చాడు. ఫోన్ చేసి చెప్పాలి, ఈ వారం ఎవరైనా ఇంకొకరిని చూసుకోమని. ఆపరేషన్ సంగతి ఆ బొమ్మ గీసిన డాక్టరును అడగాలి. అడుగుతాను, కాస్త ఆగి అడుగుతాను అనుకుంది. వెనక ఇద్దరి మాటలూ ఒకటి తగ్గితే ఒకటి లేస్తూ వినిపిస్తున్నాయి. ఆమె చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా తెరిచి పెట్టుకుని, కోటు కూడా విప్పకుండానే నిద్రపోయింది.